గాలి ట్యాంకుకు పెట్టిన బొట్టు

సుబ్బరత్నం వంటింటి కప్పు మీద పళ్ళెమంత పసుపు మరక ఒకటి ఉంది. మళ్ళీ మళ్ళీ సున్నం వేయించినా పోలేదు. కుక్కరు కొన్న కొత్తలో ఒకరోజు కందిపప్పు నురగ పొంగి, వెయిటు కింది కన్నంలో ఎండి గట్టిపడింది. మర్నాడు కూత రావలసినప్పుడు రాలేదు. చివరికి మూత మీదున్న సేఫ్టీ ప్లగ్గు ఎగిరిపోయి పప్పంతా కప్పుకి కొట్టింది. ఆ ప్లగ్గు కూడా లేకపోతే మూతే ఎగిరేదమ్మా అన్నాడు తర్వాత దాన్ని బాగుచేసినాయన. అప్పట్నుంచీ ఆమెకి కూత వినబడితే భయం లేదు. వినబడకపోతేనే భయం.

దసరా వెళ్ళిన తర్వాతి ఆదివారం, భర్త రామకోటేశ్వరరావుతో కలిసి ఆటోనగర్ బయల్దేరుతూ, గుమ్మం దాటబోయేముందు ఆమె ఎందుకో వెనక్కి వెళ్ళి ఆ మరకని ఒకసారి చూసి వచ్చింది.

వాళ్ళు వెళ్తున్నది గాలి ట్యాంకు చూడటానికి. దాని కథ రెండేళ్ళ కిందటి ఉప్పెనతో మొదలైంది. రామకోటేశ్వరరావు తండ్రి వదిలిపోయిన ల్యాండ్‌మాస్టర్ కారు నాగాయలంక దగ్గర ఊళ్ళో షెడ్డులో ఉండగా సముద్రపు నీళ్ళు అద్దాల దాకా వచ్చి నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే రేకుని ఉప్పు తినేసి, అది పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. దాన్ని లారీ మీద వేయించుకొచ్చి భవానీపురంలో ఇంటి పెరట్లో, జామచెట్టు పక్కన దింపించాడు. పాత ఇనుము కొనేవాళ్ళు తూకానికి ఇమ్మని వస్తే మాట్లాడకుండా గేటు వేసేశాడు. ఇరిగేషన్ ఆఫీసులో ఫైళ్ళు రాసుకునే మనిషి ఆదివారం వచ్చేసరికి లుంగీ ఎగ్గట్టి, వైరు బ్రష్షూ ఎమరీ కాగితమూ పట్టుకుని దాని ముందు కూచునేవాడు. వేసవంతా రుద్దితే ఒక్క తలుపు సగం తెల్లబడింది. వానలు పడేసరికి ఆ సగమూ మళ్ళీ ఎర్రబడింది.

ఇసకతో కొట్టించాలి, అదే దారి, అని ఎవరో చెప్పారు. ఇక ఆ పిచ్చి పట్టుకుంది. గాలి జోరుకి ఇసుక వెళ్ళి రేకుని తాకితే తుప్పంతా రాలిపోతుందట. ఆటోనగర్‌లో లారీలకి ఇసుక కొట్టే చోట అడిగాడు. బండి తెచ్చి వదిలేసి వెళ్ళమన్నారు. అక్కడ వాళ్ళు లారీ ఛాసిస్‌ని కొడుతున్న తీరు చూసి, మా తలుపు రేకుని ఇలా కొడితే కాల్చిన అప్పడంలా ముడుచుకుపోతుందని వచ్చేశాడు. వన్ టౌన్‌లో ఒక షాపుకి భార్యని వెంటబెట్టుకుని వెళ్ళి కొత్త సెట్టు చూశాడు. ఇత్తడి బిందెకంటే కాస్త పెద్ద ట్యాంకు, దాని నెత్తిన చిన్న మోటారు. గాలి నిండితే మోటారు దానంతటదే ఆగే ఆటోమేటిక్ లేదు గానీ ధర అందుబాటులోనే ఉంది. కానీ చేతి వెడల్పు రేకు కొట్టేసరికి దానికి ఊపిరి చాలదు. ఆపి, మళ్ళీ గాలి నిండేదాకా కూచోవాలి. ఈ లెక్కన కొడితే మనం ముసలివాళ్ళమయ్యాక కారెక్కుతాం అని నవ్వాడు.

అప్పుడు గుర్తొచ్చాడు బాబాయి బసవపున్నయ్య. తండ్రికి స్వంత తమ్ముడు. ఆటోనగర్ పెట్టినప్పట్నుంచీ అక్కడ లేతు, వెల్డింగు వర్క్‌షాపు నడుపుతున్నాడు. మోకాళ్ళు పట్టేసి ఇప్పుడు దాన్ని మూసేద్దామనుకుంటున్నాడు. ఆయన దగ్గర పెద్ద గాలి ట్యాంకు ఉంది, ఇసుక గన్ను ఉంది. అన్నయ్య కారు కోసమంటే తీసుకుపో, డబ్బు సంగతి నీకు వీలైనప్పుడు చూద్దాం అన్నాడట. ఇంతకంటే చవక ఇంకెక్కడుంటుంది అన్నాడు రామకోటేశ్వరరావు.

చవకే. ఆ మాట సుబ్బరత్నం కాదనలేదు. కానీ మొన్న వేసవిలో బస్టాండు దగ్గర ఒక పంక్చరు షాపులో గాలి ట్యాంకు పేలింది. షాపాయన కాలు పోయింది. మర్నాడు ఆమె కూరల సంచీతో అటు నడిచి వెళ్తుంటే గోడకి తలుపంత కన్నం కనిపించింది, అందులోంచి అవతలి సందులో ఆరేసిన బట్టలు కనిపించాయి. పెరట్లో ఆ ట్యాంకు పక్కన ఆదివారం ఆదివారం నిలబడేది తన మనిషి. జామచెట్టు ఎక్కి దిగేది తన పిల్లలు. ఆమెకి కావలసింది పెద్దదేం కాదు. ఆ మనిషి సాయంత్రం రెండు చేతులూ కడుక్కుని అన్నానికి వచ్చి కూచోవాలి.

రిక్షాలో వాళ్ళిద్దరి కాళ్ళ దగ్గర గోనెపట్టాలో చుట్టిన మడ్‌గార్డు ఉంది. పరీక్షకని విప్పి తెచ్చాడు. దారి పొడుగునా దాన్ని కాలితో ఆనించి పట్టుకునే కూచున్నాడు.

*

వర్క్‌షాపు వెనకే ఇల్లు. సీతారావమ్మ ఎదురొచ్చి సుబ్బరత్నం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. చిక్కిపోయావంది, పిల్లల్ని ఎందుకు తేలేదంది, పండక్కి చేసిన అరిసెలు మిగిలాయి పట్టుకెళ్ళమంది. ఆవిడ అరచేతులు పసుపు పట్టేసి ఉన్నాయి. పొద్దున్నే గుమ్మాలకి రాసినట్టుంది.

బసవపున్నయ్య షెడ్డులోంచి కేకేశాడు. "ముందు పెళ్ళికూతుర్ని చూసి తర్వాత ఫలహారాలు."

పెళ్ళికూతురనే అన్నాడు, అలాగే ఉంది కూడా. నాలుగు కాళ్ళ మీద అడ్డంగా పడుకుని మెరిసిపోతున్న పెద్ద ట్యాంకు. వెండి రంగు పెయింటు. రెండు చివర్లా పసుపు, నడుమ కుంకం. మెడకి వేసినట్టు బంతిపూల దండ, దసరాకి వేసింది, వాడి నల్లబడింది. పక్కన మోటారు, బెల్టు. అన్నిటికంటే పైన, ట్యాంకు నడినెత్తిన, ఇత్తడి వాల్వు ఒకటి. ఇత్తడని తెలిసేది అడుగున ఒక్క చారలోనే. పైనంతా పసుపే. మామూలుగా రాసిన పసుపు కాదు, మెత్తి మెత్తి ముద్దగా అయిపోయింది. ఒక చోట పెచ్చు ఊడితే లోపల పసుపు మీద వెండి రంగు, వెండి రంగు మీద మళ్ళీ పసుపు, మధ్యలో కుంకం, పొరల పొరల కాజాలా కనిపించింది.

సుబ్బరత్నం అక్కడే నిలబడిపోయింది. అది చూసి సీతారావమ్మ మురిసిపోయింది. ఈ వర్క్‌షాపులో మొదటి బొట్టు దానికేనంది. కలశంలా పైన కూచుంది కదా అని మొదటి దసరాకి దానికే పెట్టిందట. ఆ ఏడు పని బాగా వచ్చిందట. అప్పట్నుంచీ ఏ ఏడూ మానలేదు. పండక్కి ముందు పెయింటు వేసేటప్పుడు కూడా పాత పసుపు గీకనివ్వదు. పెట్టిన బొట్టు చెరపకూడదు కదా, దాని మీదనే వేయిస్తుంది.

సుబ్బరత్నం తల ఊపింది. తనైనా అలాగే చేసేది. వన్ టౌన్ షాపులో చూసిన కొత్త ట్యాంకుకి ఇలాంటి వాల్వే ఉంది, దాని పక్కన వేలు పట్టేటంత ఉంగరం ఉంది. అది లాగి చూపించి, గాలి ఎక్కువైతే ఇది తనంతట తనే తెరుచుకుంటుందండీ అన్నాడు షాపాయన. ఇక్కడ ఆ ఉంగరం కోసం వెతికింది. పసుపు ముద్దలోంచి చిన్న కొన మాత్రం పైకి పొడుచుకొచ్చింది, చెవిలో దిద్దు కొనలాగా.

గన్ను తగిలించడానికి భర్త వంగినప్పుడు ఆమె దగ్గరికెళ్ళి, ఆ వాల్వు పనిచేస్తుందో లేదో ఒకసారి చూపించమని అడగండి అంది, పెదాలు కదిలీ కదలకుండా.

అతను తల ఎత్తలేదు. "బాబాయిని అడగనా? నాన్న పోయిన రోజు అందరికంటే ముందు వచ్చి గుమ్మంలో నిలబడ్డ మనిషిని, నీ ట్యాంకు మంచిదేనా అని అడగనా?"

ఆమె వెనక్కి వచ్చేసింది. అదే వచ్చిన చిక్కు. షాపువాడి దగ్గరైతే తిప్పి చూడొచ్చు, కొట్టి చూడొచ్చు, నచ్చలేదని లేచి రావొచ్చు. అయినవాళ్ళు ఇచ్చేదాన్ని పరీక్షించి చూడ్డానికి వీల్లేదు. చూస్తే వాళ్ళనే చూసినట్టు.

ఏసుపాదం మోటారు వేశాడు. బసవపున్నయ్య దగ్గర మొదట్నుంచీ ఉన్న పనివాడు. ట్యాంకు వెనక గోడకి రెండు బొత్తాల స్విచ్చి ఉంది, పచ్చది ఒకటి, ఎర్రది ఒకటి. అతను ఆ పక్కనే నిలబడతాడు. ఆటోమేటిక్ లేదా అని రామకోటేశ్వరరావు అడిగితే, ఎప్పుడో కాలిపోయిందని, తీసి పారేశానని బాబాయి చెప్పాడు. పైన వాల్వు ఉండగా అదెందుకు, డబ్బు దండగ అన్నాడు.

ముఖానికి తడి తువ్వాలు కట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, రామకోటేశ్వరరావు గన్ను నొక్కాడు. గన్ను నుంచి ఒక రబ్బరు గొట్టం ట్యాంకుకీ, ఇంకొకటి ఇసుక బకెట్లోకీ ఉన్నాయి. కృష్ణ ఇసుకే, జల్లించి ఎండబెట్టింది. జోరున శబ్దం వచ్చింది. మడ్‌గార్డు మీద బెరడులాగా ఉన్న తుప్పు చూస్తూ చూస్తూ ఉండగానే ఎగిరిపోయి కింద తెల్లటి ఇనుము బయటపడింది. వేసవంతా రుద్దితే రానిది ఒక్క నిమిషంలో వచ్చింది. అతను గన్ను వదిలేసి, తువ్వాలు కిందికి లాగి, ఆ తెల్లటి చోట అరచెయ్యి ఆనించాడు. వెనక్కి తిరిగి భార్యకేసి చూశాడు. ఆ ముఖం చూస్తే ఆమెకి, ఇంత ఆనందపడుతున్న మనిషికి తనెందుకు అడ్డం వస్తున్నానా అనిపించింది.

అంతలో బసవపున్నయ్య కబుర్లలో పడ్డాడు. ఆ కారులోనే తను డ్రైవింగు నేర్చుకున్నాడు. అవనిగడ్డ కరకట్ట మీద అన్నయ్య పక్కన కూచుని నేర్పాడు, ఒకసారి తిన్నగా కాలవలోకి దింపితే కూడా తిట్టలేదు. చెబుతూ ఆయన ట్యాంకుకి ఆనుకుని నిలబడ్డాడు. రామకోటేశ్వరరావు కూడా వచ్చి దాని మీద చెయ్యి వేసి వింటున్నాడు. గన్ను కింద పడి ఉంది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది.

సుబ్బరత్నం గడియారంలాంటి మీటరు వంక చూసింది. దాని అద్దానికీ కుంకం బొట్టు ఉంది, దాని పక్కగా ముల్లు కనిపిస్తోంది. గాలి ఇంతకు మించి ఎక్కకూడదని ఎవరో పెయింటుతో ఎర్ర గీత గీశారు. గన్ను కొడుతున్నంత సేపూ ముల్లు ఎక్కడో కిందనే ఆడింది. ఇప్పుడు మెల్లిగా పైకి వస్తోంది.

సీతారావమ్మ కాఫీలు తెచ్చింది. ముల్లు గీత దగ్గరికి వచ్చింది.

"చిన్న మావయ్యగారూ, ముల్లు ఎర్ర గీత మీదికి వచ్చిందండీ," అంది సుబ్బరత్నం.

ఆయన నవ్వాడు. "రానీ అమ్మాయ్. గీత దాటగానే పైనున్నది బుస్సుమని వదిలేస్తుంది. నీ కుక్కరు లాగానే."

ఈమధ్య ఎప్పుడు వదిలిందండీ అని ఆమె అడిగింది. ఆయన, వదులుతూనే ఉంటుంది, దాని పనే అది కదా అన్నాడు. ఆమె ఏసుపాదం వంక చూసింది. అతను కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. ఆమెకి అర్థమైంది. పని నడిచే రోజుల్లో గాలి ఎప్పటికప్పుడు ఖర్చయిపోతుంది. ముల్లు ఇంత దూరం రావలసిన అవసరమే పడలేదు. వాల్వు ఆఖరుసారి ఎప్పుడు కూసిందో ఈ షెడ్డులో ఎవరికీ తెలియదు.

ముల్లు గీత దాటింది.

ఏమీ కాలేదు. మోటారు గొంతు మారింది. ఇందాకటి హుషారు పోయి బరువు మోస్తున్నట్టుగా మూలుగుతోంది. బెల్టు కీచుమంది. కాఫీ చల్లారిపోతుంది లోపలికి వెళ్ళి తాగుదామంది సుబ్బరత్నం. భర్త కదలబోయాడు. బసవపున్నయ్య అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఉండరా, మీ ఆవిడకి అనుమానంగా ఉంది, విని వెళ్దాం అన్నాడు. ముఖం మీద నవ్వు ఇంకా ఉంది, కళ్ళల్లో మాత్రం లేదు.

అందరూ వింటున్నారు. వినడానికి ఏమీ లేదు.

ఏసుపాదం ఒక అడుగు వెనక్కి వేశాడు, తలుపు స్తంభం వైపుకి. వేస్తూనే యజమాని వంక చూసి మళ్ళీ స్విచ్చి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని మెడ మీద చెమట కాలువ కట్టింది. రామకోటేశ్వరరావు చెయ్యి ట్యాంకు మీదే ఉంది. తియ్యాలని అతనికీ ఉంది, ఆమెకి కనబడుతూనే ఉంది, వేళ్ళు ముడుచుకుంటున్నాయి. బాబాయి చెయ్యి దాని మీద ఉన్నంతసేపూ తను తీయడం ఎలా?

"ఏసుపాదం, మోటారు ఆపు," అంది సుబ్బరత్నం.

"ఆపకు," అన్నాడు బసవపున్నయ్య.

పెద్దగా అనలేదు. ఆయన ఆమె వంక చూడను కూడా చూడలేదు. ఈ ట్యాంకు తనకి అన్నం పెట్టిందన్నాడు. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు దీని మీదే చేశానన్నాడు. ఇవాళ ఒక కుక్కరు చూసిన అనుభవంతో దీన్ని ఆపమంటే ఆపుతానా అన్నాడు. ఏసుపాదం చెయ్యి ఎర్ర బొత్తాం మీదికి సగం దాకా వెళ్ళి అక్కడే గాల్లో ఆగిపోయింది. ముల్లు గీతకి ఇంకా అవతలికి జరిగింది.

అక్కడున్న మగవాళ్ళు ముగ్గురిలో ఎవరూ ఆపరని సుబ్బరత్నానికి తేలిపోయింది. ఒకాయనకి మాట పోతుంది, ఒకాయనకి మర్యాద పోతుంది, మూడో అతనికి పని పోతుంది. తను వెళ్ళి నొక్కుదామంటే మధ్యలో బసవపున్నయ్యే నిలబడి ఉన్నాడు. ఆమె వాళ్ళని వదిలేసి, కాఫీ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ పెద్దావిడ వైపు తిరిగింది.

"చిన్నత్తయ్యగారూ," అంది, "మా వంటింట్లో పప్పు ఎండిపోయి కుక్కరు నోరు మూసుకుపోయింది. మీరు పెట్టిన పసుపు కూడా అలాగే దాని నోట్లో గట్టిపడిందండీ. అది కూయదు. కూయలేదు."

సీతారావమ్మ ఆమె వంక చూసింది. తర్వాత వాల్వు వంక చూసింది. రోజూ వంట చేసే ఆడమనిషికి అంతకంటే చెప్పక్కర్లేదు. పళ్ళెం బల్ల మీద పెట్టింది, పడేయలేదు, పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని మొగుడికీ ట్యాంకుకీ మధ్యనున్న సందులోంచి తిన్నగా నడిచి వెళ్ళి, ఏసుపాదం చెయ్యి పక్కకి తోసి, పసుపు వేలితో ఎర్ర బొత్తాం నొక్కింది.

మోటారు ఆగింది.

ఏమిటీ పని అన్నాడు బసవపున్నయ్య. ఆవిడ తొణకలేదు. "పెట్టింది నేను. అడ్డం పడిందో లేదో చూసుకోవలసింది నేనే."

మోటారు ఆగినా ముల్లు ఆగిన చోటే ఉంది, గీతకి అవతల. లోపలి గాలి లోపలే ఉంది. సుబ్బరత్నం గొట్టం అందుకుని, గన్నునీ ఇసుక బకెట్టునీ షెడ్డు బయటికి లాక్కుంటూ పోయి, ఏమండీ, ఇటు రండి, ఇది నొక్కి పట్టుకోండి అని పిలిచింది. ఈసారి రామకోటేశ్వరరావు బాబాయి వంక చూడలేదు. వచ్చి, గుమ్మం బయటికి లాక్కొచ్చిన మడ్‌గార్డు మీదికి గన్ను పెట్టి నొక్కాడు. ఇందాకటికంటే పెద్ద శబ్దం. ఇసుక పొగలా లేచింది. ఆమె గుమ్మం స్తంభం చాటునుంచి మెడ సాచి ముల్లునే చూస్తోంది. కదలడం లేదనిపించింది. కళ్ళు మూసి తెరిస్తే వెంట్రుకవాసి దిగినట్టుంది. ట్యాంకు పక్కనుంచి వచ్చెయ్యమని ఆ ముసలివాళ్ళిద్దరినీ ఏసుపాదాన్నీ పిలిచింది. ఏసుపాదం వచ్చేశాడు. బసవపున్నయ్య రాలేదు. చెయ్యి దాని మీద అలాగే పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన రాలేదని సీతారావమ్మా రాలేదు. కొంగు నిండా కప్పుకుని ఆయన పక్కనే నిలబడింది. లోపల వాళ్ళిద్దరు, వాళ్ళ పక్కన ఆ దండ వేసిన ట్యాంకు. ఆ ముల్లు గీత దిగి, ఇంకా దిగి, అడుగున సున్నా దగ్గరి మేకుకి ఆనుకునేదాకా సుబ్బరత్నం స్తంభం చాటునుంచి కదల్లేదు.

శబ్దం ఆగాక చూస్తే మడ్‌గార్డుకి చెయ్యి పట్టేంత కన్నం పడి ఉంది. అతను ఎటు కొడుతున్నాడో చూసుకోలేదు. కన్నం చుట్టూ రేకు వెల్లకిలా లేచిపోయి ఉంది.

*

ఏసుపాదం పానా పెట్టి వాల్వు విప్పాడు. ఊరికే రాలేదు. నూనె పోసి, సుత్తితో చుట్టూ తట్టి, చివరికి ఇద్దరు పడితే ఊడింది. బోర్లించి బల్ల మీద కొడితే లోపల్నుంచి ముక్క ఒకటి రాలింది. స్ప్రింగు చుట్లు దాని మీద అచ్చు పడి ఉన్నాయి. పసుపు, వెండి రంగు, కుంకం, నూనె, దుమ్ము అన్నీ కలిసి రాయి అయిపోయాయి. సీతారావమ్మ దాన్ని పైట కొంగులోకి తీసుకుని వేలితో నిమిరింది. ఏడుస్తుందేమో అనుకుంది సుబ్బరత్నం. ఆవిడ ఏడవలేదు. ఇన్నేళ్ళూ మంచి జరగాలనే పెట్టానమ్మా అంది, అంతే.

బసవపున్నయ్య స్టూలు మీద కూచున్నాడు. మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"మధ్యాహ్నం పూట అన్నం తిని దీని పక్కనే చాప వేసుకుని పడుకునేవాణ్ణి," అన్నాడు. "చల్లగా ఉండేది."

రామకోటేశ్వరరావుకి ఇంకా ఆశ చావలేదు. కొత్త వాల్వు బిగిస్తే సరిపోతుంది కదా బాబాయ్ అన్నాడు. ఈసారి సుబ్బరత్నం నోరు విప్పవలసిన పని పడలేదు. పెద్దాయనే తల అడ్డంగా ఊపాడు. ఆ గీత దాటి అంత దూరం వెళ్ళింది, లోపల ఎక్కడ సాగిందో, ఏ అతుకు వదిలిందో నాకు తెలీదురా, తెలీనిదాన్ని అన్నయ్య ఇంటికి పంపను అన్నాడు. దీనికున్న జోరు లారీలకి సరిపోతుంది గానీ అన్నయ్య కారు రేకుకి కాదని కన్నం పడ్డ మడ్‌గార్డు ఎత్తి చూపించాడు. గన్ను మాత్రం పట్టుకెళ్ళమన్నాడు. తర్వాత, వచ్చినప్పట్నుంచీ మొదటిసారిగా, తిన్నగా సుబ్బరత్నం వంక చూశాడు.

"అమ్మాయ్, మీవాడు చెప్పాడే, ఆ వన్ టౌన్‌లో చూసింది ఎట్లా ఉంది?"

చిన్నదండీ అంది ఆమె. వెంటనే ఆయాసపడుతుందండీ అంది. ఉంగరం లాగితే మాత్రం పలుకుతుందండీ అంది.

చల్లారిన కాఫీలే తాగి వచ్చారు. సాగనంపడానికి సీతారావమ్మ గేటు దాకా వచ్చింది గానీ ఆయన లేవలేదు. రిక్షాలో, బాబాయిని నలుగురిలో చిన్నబుచ్చావని భర్త అంటాడేమోనని ఆమె రోడ్డు పొడుగునా చూసింది. ఏలూరు కాలవ వంతెన ఎక్కేటప్పుడు అతను తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ట్యాంకు మీద పెట్టిన చెయ్యి. దాన్ని లుంగీకి తుడుచుకున్నట్టుగా పంట్లాముకి తుడుచుకుని ఆమె చేతి మీద పెట్టాడు. అంతే.

*

చిన్న సెట్టు కార్తీకంలో ఇంటికి వచ్చింది. బసవపున్నయ్య వస్తాడని ఎవరూ అనుకోలేదు. ఆ రోజు తర్వాత కబురూ లేదు. తీరా ఆదివారం పొద్దున్నే రిక్షా దిగాడు, వెనకాల సీతారావమ్మ. ఎవరినీ పలకరించకుండా పెరట్లోకి వెళ్ళి, కారు చుట్టూ తిరిగి వచ్చి, ట్యాంకుకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూచున్నాడు. నేను విన్నాకే మొదలుపెట్టాలి అన్నాడు.

కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే బొట్టు పెట్టకుండా ఎలా? సుబ్బరత్నం పసుపు గిన్నె తెచ్చి పెద్దావిడకే ఇచ్చింది. సీతారావమ్మ వేలు ముంచింది. అలవాటు చొప్పున చెయ్యి తిన్నగా పైనున్న ఇత్తడి వాల్వు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆవిడ సుబ్బరత్నం వంక చూసింది. ఆవిడ వంగి, కింద లాక్కెళ్ళడానికి ఉన్న రెండు చక్రాలకి పసుపు రాసి కుంకం పెట్టింది. వంగడం కష్టమైంది, నడుం పట్టుకుని లేచింది.

మోటారు వేశారు. ముల్లు ఎక్కుతోంది. రామకోటేశ్వరరావు తువ్వాలు తడిపి కట్టుకుని గన్నుతో సిద్ధంగా ఉన్నాడు. ఒక్కసారి కొట్టి చూస్తానంటే బసవపున్నయ్య వేలెత్తి ఆపాడు. ముల్లు గీత మీదికి వచ్చింది. సీతారావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు.

బుస్సుమంది. జామచెట్టు మీది కాకులు లేచిపోయాయి. బసవపున్నయ్య కుర్చీలో వెనక్కి వాలి, ఊ, కొట్టుకోరా అన్నాడు.

చేతి వెడల్పు రేకు తెల్లబడేసరికి దానికి ఊపిరి అయిపోయింది. ఆపి కూచోవలసి వచ్చింది. అతను అటూ ఇటూ తిరిగాడు, ట్యాంకుని కసురుకున్నాడు, చివరికి బాబాయి పక్కన నేల మీద కూలబడ్డాడు. కరకట్ట మీద కారు కాలవలో దింపిన కథ మళ్ళీ మొదలైంది. ఆ రోజు సగంలో ఆగిపోయిన చోటు నుంచి కాదు, మొదటి నుంచి.

సుబ్బరత్నం వంటింట్లోకి వచ్చి కుక్కరు ఎక్కించింది. సీతారావమ్మ పీట మీద కూచుని వంకాయలు తరుగుతూ, కప్పు మీది మరక ఏమిటని అడిగింది. సుబ్బరత్నం చెప్పింది. ఆవిడ కత్తిపీట మీదనుంచి తలెత్తి దాన్ని చాలాసేపు చూసింది. సున్నంతో పోదేమో, ఉండనీలే అంది.

కుక్కరు కూసింది. పెరట్లో గన్ను చప్పుడు ఆగి చాలాసేపయింది. కబుర్లూ వినబడటం లేదు. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. సుబ్బరత్నం మంట తగ్గించి, తడి చేతులతోనే పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెద్దాయన కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. భర్త కారు తలుపు ముందు, ఆమె వైపు వీపు పెట్టి, తెల్లబడినంత మేర వేలితో తడుముతూ కూచున్నాడు. పిలుద్దామని ఆమె నోరు తెరిచేలోపు వాల్వు బుస్సుమంది.

అతను వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి పైకెత్తాడు, విన్నానన్నట్టు. ఆమె లోపలికి వెళ్ళింది.